రాతి మీద ఖాళీగా ఉన్న శృతి

పోయినవి ముందు రాస్తాను. ఒక అధ్యాయం, అరవై ఎనిమిది పేజీలు. దాంట్లో మూడు పట్టికలు, ఒక గీత. రాత్రి తొలి జాములో మొదలై కోడికూత దాకా మెల్లగా పైకెక్కే గీత అది. బల్ల మీద పరుచుకుని దాన్ని చూసి ఒక్కణ్నే నవ్వుకున్న రోజులున్నాయి. రెండేళ్ల ఆదివారాలు. విశ్వవిద్యాలయంలో నా మాటకు కొత్తగా వచ్చిన కాస్త బరువు. ఆళ్లగడ్డ అవతల ఒక ఇంట్లో, నేను గడప ఎక్కగానే అడగకుండా వచ్చే మజ్జిగ. ఈ చివరిది ఈమధ్య మళ్లీ వస్తోంది, కాబట్టి దాన్ని సగమే లెక్క పెట్టాలి.

నాది నంద్యాల. లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తాగా పాతికేళ్లు దాటింది. పదో తరగతిలో ఆగిన చదువును నలభై దాటాక దూరవిద్యలో మళ్లీ పట్టుకున్నాను. డిగ్రీ అయింది, పీజీ అయింది, ఇప్పుడు సంగీత చరిత్రలో పరిశోధన. ఈ ప్రాంతంలో ఆడిన పౌరాణిక నాటకాలు, వాటిలో పద్యం పాడే తీరు నా విషయం. లెక్కలు నాకెవరూ నేర్పలేదు. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తూ తీసేస్తూ వచ్చాయి. శృతులూ అలాగే వచ్చాయి. సంగీతంలో నన్ను మొదట పట్టుకున్నది రాగం కాదు, శృతులకు అంకెలుండటం. హార్మోనియంలో తెల్లమెట్లకు ఒకటి, రెండు, మూడు. మధ్యలో నల్లమెట్లకు ఒకటిన్నర, రెండున్నర. పాడేవాడు ఏ మెట్టును ఆధారంగా పెట్టుకుంటే అది అతని శృతి. అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి పోవాలి. మూడుకూ నాలుగుకూ మధ్య నల్లమెట్టు లేదు, అందుకని మూడున్నర శృతి అనేదే లేదు. ఇది తెలిసిన రోజు చిన్నపిల్లాడిలా సంతోషపడ్డాను.

క్యాసెట్లు ఆళ్లగడ్డ అవతలి ఊరివి. ఆ ఊళ్లో ఒక రైతు, నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన తండ్రి సేద్యం చేసుకుంటూ నాటకాలాడిన మనిషి, పోయి చాలా ఏళ్లయింది. ఆ తండ్రి పాడిన రాత్రులను ఈయన వయసులో ఉన్నప్పుడు టేపురికార్డరులో పట్టాడు. పొరుగూళ్లకు టేపు తేనిచ్చేవాడు కాదట తండ్రి, అందుకని అన్నీ సొంత ఊళ్లో ఆడిన రాత్రులే. పద్నాలుగు రాత్రులు, అరవై ఆరు క్యాసెట్లు, ఒక ఇనప పెట్టెలో.

"తీసకపో. పోగొట్టినావంటే మాత్రం మళ్ల నన్ను పలకరించాకు" అన్నాడు.

పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాను. కండక్టరు టికెట్టు కొడుతూ "ఏందన్నా, బంగారమా?" అంటే ఔనన్నట్టు తల ఊపాను.

నంద్యాలలో మిక్సీలూ టీవీలూ బాగుచేసే అంగడి ఒకటుంది. అంగడి సాయబుకు నలభై లోపే ఉంటాయి, అతనిదీ రైతు ఊరే. రైతే నన్ను అక్కడికి పంపాడు. అరవై ఆరు క్యాసెట్లనూ అతను కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చాడు. ఆదివారాలు నేను ఒక్కో పద్యం పెట్టుకుని, హార్మోనియం ఏ ఎత్తులో మోగుతోందో చూసి అంకె రాసుకునేవాణ్ని. నాటకం మొదట్లో నాలుగు. నడిమికి వచ్చేసరికి నాలుగున్నర, ఐదు. తెల్లవారే ముందు ఐదున్నర. చాలాసార్లు అంకె సరిగ్గా మెట్టు మీద పడలేదు, రెండు మెట్ల మధ్యలో పడింది. పాత హార్మోనియం, లోపల దుమ్ము, ఇంకేమో అనుకుని దగ్గరి మెట్టుకు జరిపాను. అది కాటా అలవాటు. లారీ కాటా మీద అంకె పదేసి కిలోలకే మారుతుంది. మధ్యలో ఏముందో అది చూపించదు, మేం అడగం.

తెల్లవారేకొద్దీ పద్యం నడక కూడా వేగంగా మారింది. దానికీ కారణం రాశాను. జనం పొద్దున్నే చేలకు పోవాలి, గొంతు రాత్రంతా కాగి ఉంటుంది, అందుకని శృతి పెంచి నడక పెంచి ముగిస్తారని. నా పరిశోధనకు పర్యవేక్షకురాలైన ప్రొఫెసరు ఆ అధ్యాయం చదివి "ఇది ఇంతవరకు ఎవరూ చూపించలేదండీ" అన్నారు. ఆ వెంటనే ఒక మాట అడిగారు. "రాత్రంతా పాడిన గొంతు తెల్లవారేసరికి దిగాలి కదా, ఎక్కిందేమిటి?"

"అదే మేడమ్ విశేషం" అన్నాను.

ఆ విశేషాన్ని రైతుకు కూడా చెప్పాను. మజ్జిగ గ్లాసు చేతిలో ఉంది. "మీ నాయన తెల్లారుజామున ఐదున్నర శృతిలో పాడినాడన్నా. ఇప్పుడు నాలుగులో పాడేకే నీలుగుతాండారు" అన్నాను. ఆయన లోపలికి తిరిగి "ఇన్యావా?" అన్నాడు భార్యతో, అంతే. అప్పటికే తండ్రి విగ్రహం ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర పనిలో ఉంది. పీఠం మీద మూడు వరసల రాత అనుకున్నారు. నేను వచ్చిపోయాక నాలుగో వరస చేరింది: రాత్రంతా ఆడి కోడికూతకు ఐదున్నర శృతిలో పద్యం పాడినవాడు.

విగ్రహం నిలబెట్టడానికి వారం ఉందనగా నేను మళ్లీ సాయబు అంగడికి పోయాను. పరిశోధన సమర్పించే ముందు డిపార్టుమెంటులో అందరి ఎదుట చదివి వినిపించాలి. దానికి తెల్లవారుజాము పద్యం ఒకటి కత్తిరించి ఇమ్మన్నాను. అతను ఆ క్యాసెట్టు పెట్టి, ఏదో మిక్సీ విప్పుతూ, ఆపడం మర్చిపోయాడు. పద్యం అయిపోయింది. హార్మోనియం ఆగింది. టేపులోనే, దూరంగా మసీదు నుంచి నమాజుకు పిలిచే అజా మొదలైంది.

ఆ ఊళ్లో అదొక అలవాటు. నాటకం సాగుతుండగా అజా వినపడితే హార్మోనియం వాయించే ఆయన చేతులు తీసేస్తాడు. రాజు వేషంలో ఉన్నాయన కత్తి దించి ఊరికే నిలబడతాడు. అజా అయ్యాక పద్యం మళ్లీ ఎత్తుకుంటారు. ఆ నాలుగైదు నిమిషాల్లో కొలవడానికి నాకేమీ లేదు. అందుకని అది వచ్చిన ప్రతిసారీ ముందుకు జరిపేసేవాణ్ని. ఒక్క రాత్రిదీ వినలేదు.

సాయబు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఎవురన్నా ఈ పిల్లోడు?"

"ఏ పిల్లోడు?"

"అజా ఇస్తాండేది. మా ఊర్లో అప్పుడు ఇచ్చేది మా తాత ఒక్కడే. తాత గొంతు ఎండిన బాయిలోంచి పిల్చినట్ల ఉంటాది. ఇదేంది, మీసాలు రానోని మాదిరి ఉండాది?" మళ్లీ వెనక్కి తిప్పి పెట్టాడు. మధ్యలో ఒక దగ్గు వినపడింది. అతను నవ్వడం మొదలుపెట్టాడు. "తాతే. ఆ దగ్గు తాతదే. మీ నాటకమాయన ఒక్కడే గాదన్నా, మా తాత గూడ ఐదున్నరలో ఉండాడు."

నాకు నవ్వు రాలేదు.

"ఎట్లయితాదప్పా అట్ల?"

"బ్యాటరీ సెల్లులు అయిపోతాండేటప్పుడు పట్టిన టేపు అంతేగదా. మోటరు నిదానంగా తిరిగింటాది. నేను కరెంటు మీద ఏస్తి, బేగ తిరిగె. గొంతు సన్నమైతాది, నడక పరుగైతాది."

"మరి ముందే చెప్పొచ్చు గదా."

"నువ్వు అడిగితివా? ఎక్కియ్యమంటివి, ఎక్కిస్తి."

ఆ రోజు కాటాకు సెలవు పెట్టి మధ్యాహ్నమంతా అజాలు వెతికాను. పద్నాలుగు రాత్రుల్లో తొమ్మిదింట ఉంది. ఏ రాత్రి హార్మోనియం ఎక్కువ పైకి పోయిందో ఆ రాత్రి అజా కూడా అంతే పైకి పోయింది. హార్మోనియం తక్కువ ఎక్కిన రాత్రి అజా కూడా తక్కువ ఎక్కింది. మనిషి గొంతు రోజుకొక తీరుగా ఉండొచ్చు. కానీ అర కిలోమీటరు దూరంలో మసీదులో ఉన్న మనిషి నాటకం హార్మోనియంతో పాటు ఎక్కి దాంతో పాటు దిగడు. రెండు మెట్ల మధ్య పడిన అంకెలన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. మెట్టు లేని చోట హార్మోనియం మోగదు. అది నాకు తెలుసు. తెలిసే జరిపాను.

అధ్యాయం సంగతి తర్వాత. నాలుగో వరస రాతి మీదికి ఎక్కుతోంది. రైతుకు ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. చేనుకు పోతే ఫోను ఇంట్లో పెట్టి పోతాడాయన. మరుసటి పొద్దున ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను. గంట ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుని లెక్క వేశాను. శిల్పి రోజుకొక వరస చెక్కితే, సోమవారం మొదలుపెట్టి ఉంటే, ఇవాళ నాలుగో వరస. మంగళవారం మొదలుపెట్టి ఉంటే రేపు. కరెంటు పోయి ఉంటే ఇంకా మంచిది. పక్క మనిషి "ఆస్పత్రికా అన్నా?" అని అడిగాడు. కాదన్నాను. నా ముఖం అలా ఉన్నట్టుంది.

రోడ్డు పక్కన శిల్పుల అంగళ్ల వరుసలో రాతిదుమ్ము పొగలా లేస్తోంది. మా శిల్పి తలకు తువ్వాలు చుట్టుకుని పీఠం ముందు కూర్చుని ఉన్నాడు. రైతు అక్కడే స్టూలు మీద టీ తాగుతున్నాడు. మూడు వరసలు చెక్కడం అయింది. నాలుగోది ఎర్రరంగుతో రాసి ఉంది, 'రాత్రంతా ఆడి' వరకు ఉలి పడింది.

"పనాపు స్వామీ, ఒక మాట" అన్నాను.

నిలబడే చెప్పాను. అజా సంగతి, తొమ్మిది రాత్రుల సంగతి. రైతు టీ గ్లాసు తిప్పుకుంటూ విన్నాడు.

"మూణ్ణెల్ల కింద ఐదున్నరంటివి. ఇప్పుడు గాదంటాండావ్. మా నాయన సచ్చిపోయినంక గొంతు దిగిందా?"

"తప్పు నా కొలతదన్నా. ఆ టేపులో సెల్లులు ఎట్ల ఏసేవాడివి?"

"ఎట్లేంది? ఆరు పెద్ద సెల్లులు. మాటిమాటికి కొత్తవి కొనేకి దుడ్లు యాడుండె? నాటకం అయినంక తీసి మిద్దె మీద ఎండకు పెట్టేవాణ్ని. మళ్ల రెండు రాత్రులు వచ్చేవి." కాస్త గర్వంగానే చెప్పాడు. ఆ తర్వాత ఆ మాట ఆయనకే వినపడినట్టు ఆగిపోయాడు. టీ గ్లాసు కింద పెట్టాడు. "అంటే మా నాయన్ను ఐదున్నరకు ఎక్కించింది నా సెల్లులా?"

"అంతా అదే అని నేను చెప్పలేను. ఆయనే ఒక మెట్టో అర మెట్టో ఎక్కిండొచ్చు."

"నాలుగులో మొదలుపెట్టె అంటివి గదా. అదన్నా నిజమేనా?"

"ఎండకు పెట్టిన సెల్లులతో మొదలైన రాత్రి అయితే, అదీ నమ్మేకి లేదన్నా."

ఆయన విగ్రహం వైపు చూశాడు. ఇంకా ముఖం పూర్తి కాలేదు, నోరు మాత్రం తెరిచి ఉంది, పద్యం ఎత్తుకున్నట్టు.

శిల్పి ఉలి మోకాలికి తట్టుకుంటూ అన్నాడు: "ఏదో ఒకటి బేగ చెప్పండప్పా. ఇప్పుడు ఐదున్నర చెక్కినంక రేపు నాలుగంటే కాదు. రాయి మీద రబ్బరు పని చెయ్యదు."

"ఐదున్నరే చెక్కు" అన్నాడు రైతు. "ఊరంతా చెప్పుకున్నా. ఎవురొచ్చి కొలుస్తారు?"

శిల్పి నావైపు చూశాడు. రైతు రాయి, ఆయన తండ్రి, ఆయన సెల్లులు. ఐదున్నర అన్నది మాత్రం నేను. శిల్పి సుత్తి ఎత్తి 'కోడికూతకు' మొదలుపెట్టాడు. ఒక్కొక్క దెబ్బా నాకు పళ్లలో తగిలింది. ఆ మాట అయిపోతే తర్వాతిది అంకె.

"ఉండప్పా" అన్నాడు రైతు. చాలాసేపు తల గోక్కున్నాడు. "మా నాయన శృతి తప్పిందంటే మైకు ముందరే హార్మోనియం ఆయన్ను తిట్టేవాడు. ఇది ఇనింటే ముందు నన్ను తంతాడు, తర్వాత నిన్ను." లేచి నిలబడ్డాడు. "అంకె తేల్చిరా పో. అందాక ఆ చోటు ముట్టుకోడు."

మరుసటి రోజు ఆయనే నంద్యాల వచ్చాడు, నన్ను నమ్మి కాదు. ముగ్గురం సాయబు అంగట్లో కూర్చున్నాం. నాకు ఒకటే దారి కనిపించింది. టేపును కంప్యూటరులో కొంచెం కొంచెంగా నిదానం చేస్తూ పోవాలి. అజా తాత గొంతుగా మారిన చోట ఆపాలి. అక్కడ హార్మోనియం ఏ మెట్టు మీద ఉంటే అదే ఆ రాత్రి నిజమైన శృతి. తాత గొంతు తెలిసినవాడు సాయబు ఒక్కడే. కళ్లు మూసుకున్నాడు. నేను మౌసు జరుపుతున్నాను.

"ఇంకా... ఇంకా... ఆ, ఇదే తాత."

హార్మోనియం చూస్తే నాలుగున్నర. నా గుండె తేలికపడింది. అయినా వదలకుండా, టేపును మొదటికి తెచ్చి మళ్లీ జరిపాను. రెండోసారి అతను ఆపిన చోట నాలుగు వచ్చింది. మూడోసారి రెండింటి మధ్యలో, మెట్టు లేని చోట.

"ఏంటికన్నా ఇన్నిసార్లు?" అన్నాడు కళ్లు తెరిచి. "నేను తాతను గుర్తు పడతాండానా, కాటా ఏస్తాండానా?"

రైతు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "అజా వద్దు, మా నాయన పద్యం పెట్టు. నేను చెప్తా." పద్యం పెట్టాం. ఆయన కళ్లు మూసుకోలేదు, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ విన్నాడు. నేను జరిపింది కొంచెమే. "ఆపు. ఇది మా నాయన." అక్కడ ఐదు.

సాయబు అదే వేగంలో అజా పెట్టి విన్నాడు. "అట్లయితే మా తాతకు ఇరవై ఏండ్లు తగ్గించినావు మామా."

"మీ తాత కోసరం మా నాయన్ను దించాల్నా?"

ఎవరూ నవ్వలేదు. సాయబు టీ చెప్పాడు. ముగ్గురం గోడ వైపు చూస్తూ తాగాం. లేచి పోయేటప్పుడు రైతు నాతో మాట్లాడలేదు, సాయబుతో మాత్రం "ఆ దగ్గు నాగ్గూడ గుర్తుండాది" అన్నాడు.

ప్రొఫెసరుకు ఫోనులో చెప్పాను. "ఆ అధ్యాయం తీసేద్దాం. గడువు పెంచమని ఇవాళే అర్జీ రాయండి. మిగతా నాలుగు అధ్యాయాలూ నిలుస్తాయి" అన్నారు. ఫోను పెట్టేసే ముందు, "అజా దగ్గర నాటకం ఆగుతుందని మీరు నాకెప్పుడూ చెప్పలేదే" అన్నారు. చెప్పలేదు. నా పట్టికలో దానికి గడి లేదు.

విగ్రహం అనుకున్న రోజుకే నిలబెట్టారు. నేను జనం వెనక నిలబడ్డాను. నాలుగో వరసలో 'కోడికూతకు' తర్వాత బెత్తెడు నున్నటి ఖాళీ, ఆ పక్కన 'శృతిలో పద్యం పాడినవాడు'. ఎవరో ముసలాయన వేలితో ఆ ఖాళీని తడిమి "ఏందిది, చెక్కేకి మర్సిపోయినారా?" అని అడిగాడు.

"ఆ అంకె ఆయప్ప ఇయ్యాల" అని రైతు నన్ను చూపించాడు. అందరూ తిరిగి చూశారు.

అప్పటి నుంచి వెతుకుతూనే ఉన్నాను. సాయబు మేనత్త చాగలమర్రిలో ఉంటుంది. ఆమె పెళ్లి క్యాసెట్టులో తాత దీవిస్తూ దువా చదివింది ఉందని, అది కరెంటు మీదే పట్టారని ఆమె చెప్పింది. అది దొరికితే తాత గొంతు అసలు ఎత్తు తెలుస్తుంది. కొడుకు చెవి మీదా మనవడి చెవి మీదా ఆధారపడే పని ఉండదు. క్యాసెట్టు కూతురి దగ్గర ఉందంది. వెలుగోడు పోతే కూతురు, అమ్మ దగ్గరే ఉందంది. మళ్లీ పోవాలి. ఆ పెళ్లి రోజు తాతకు జలుబు చేసి ఉంటే ఏం చెయ్యాలో ఇప్పటి నుంచే ఆలోచిస్తున్నాను.

ఈమధ్య ఆ ఊరికి పోతే మజ్జిగ వచ్చింది. అడిగాక వచ్చింది. రైతు గ్లాసు నా చేతికిచ్చి, "తేలిందా?" అన్నాడు.

"ఇంకా లేదన్నా."

"తాగు" అన్నాడు.

ఈ రోజుకు ఆ ఇంటికి నా బాకీ ఒక అంకె. నాలుగు కావచ్చు, నాలుగున్నర కావచ్చు, ఐదు కావచ్చు. మూడున్నర మాత్రం కాదు.